అత్తామామలతో, పిల్లలతో మ్యూనిక్‌లో పది రోజులు

ప్రశ్న: మాది హనుమకొండ. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ జర్మనీలోని మ్యూనిక్ చూసి రావాలని కోరిక. మావారు ప్రభుత్వ పాఠశాలలో టీచరు. మాతో అత్తయ్య (64), మామయ్య (70) వస్తారు. మామయ్యకు మోకాళ్ళ నొప్పులు, బీపీ ఉన్నాయి. బాబుకు 11, పాపకు 5 ఏళ్ళు. అందరం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ట్రావెల్స్ వాళ్ళు అదే డబ్బుకు పది రోజుల్లో నాలుగు దేశాలు తిప్పుతామంటున్నారు. ఒక్క ఊళ్ళో అన్ని రోజులు ఏం చేస్తారని బంధువులు కూడా అంటున్నారు. ఏది మేలు? పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ఒక్క ఊళ్ళోనే ఉండండి. ఆ నాలుగు దేశాల టూరును కాగితం మీద గంటల లెక్కన వేసి చూడండి, మీకే తెలుస్తుంది. అక్కడి హోటళ్ళలో మామూలుగా ఉదయం 11 లోపు గది ఖాళీ చేయాలి, కొత్త చోట మధ్యాహ్నం 3 దాటితే గానీ తాళం ఇవ్వరు. ఆరుగురి సామాను సర్దడం, బస్సెక్కించడం, దించడం కలుపుకుంటే ఊరు మారిన ప్రతిసారీ దాదాపు ఒక రోజు పోతుంది. పాపను పొద్దున్నే నిద్ర లేపి బస్సెక్కించాలి. మామయ్య రోజుకు నాలుగైదు సార్లు ఎత్తైన బస్సు మెట్లు ఎక్కి దిగాలి. అదే ఒక ఇల్లు, అందులో ఒక వంటగది ఉంటే, ఓపిక లేనివాళ్ళు ఆ పూట ఇంట్లోనే ఉండిపోవచ్చు. మిగతావాళ్ళు తిరిగి రావచ్చు. మీ ఆరుగురికీ నప్పేది ఈ పద్ధతే. మ్యూనిక్ అందుకు బాగా కుదిరిన ఊరు. ఊళ్ళో మెట్రో, ట్రాము, బస్సు అన్నీ ఒకే టికెట్టు మీద తిరగవచ్చు. రెండు గంటల రైలు దూరంలో ఆల్ప్స్ కొండలు, సరస్సులు, రాజుల కోటలు ఉన్నాయి. సరిహద్దు దాటితే ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్, కాబట్టి రెండో దేశం చూసిన ముచ్చట కూడా తీరుతుంది.

ముందు తేదీలు తేల్చుకోండి. మన బడుల సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ 12 ప్రాంతంలో ముగుస్తాయి. ఏప్రిల్ చివర అక్కడ ఇంకా చలే. మే చివరికి గానీ వాతావరణం కుదుటపడదు. జూన్ మొదట్లో పగలు 20 డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి 10, 11 డిగ్రీలు ఉంటుంది. రాత్రి 9 దాకా వెలుతురు. అయితే ఒక చిక్కుంది. క్రైస్తవుల పెంతెకొస్తు పండుగ తర్వాత బవేరియా (మ్యూనిక్ ఉన్న రాష్ట్రం) పిల్లలకు రెండు వారాల సెలవులు. అప్పుడు రైళ్ళు, కోటలు, జంతుప్రదర్శనశాల కిటకిటలాడతాయి, గదుల అద్దెలు పెరుగుతాయి. ఆ పండుగ ఈస్టర్‌ను బట్టి మారుతుంది. ఈస్టర్ ఆదివారానికి 39 రోజులు కలిపితే ఆరోహణ గురువారం, 50 కలిపితే పెంతెకొస్తు సోమవారం, 60 కలిపితే కార్పస్ క్రిస్టీ గురువారం. ఈ మూడు రోజులూ అక్కడ దుకాణాలు మూతే. ఉదాహరణకు 2027లో ఈస్టర్ మార్చి 28న వస్తుంది కాబట్టి ఆ సోమవారం మే 17. సెలవుల రద్దీ మే నెలాఖరుకు తగ్గుతుంది. ఆ ఏడాది వెళ్ళేట్టయితే మే 30న దిగి జూన్ 9న తిరిగి బయలుదేరడం అన్నిటికన్నా మంచి లెక్క. చలీ తగ్గుతుంది, రద్దీ తప్పుతుంది, బడి తెరిచేలోపు ఇల్లు చేరతారు. తేదీలు ఖాయం చేసే ముందు మ్యూనిక్ ఎగ్జిబిషన్ మైదానం క్యాలెండర్ కూడా చూడండి. పెద్ద వ్యాపార ప్రదర్శన జరిగే వారంలో గదుల ధరలు అమాంతం పెరుగుతాయి.

ఇక వీసా. ఇది ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు పెట్టాలన్నది నిబంధనే గానీ దాన్ని నమ్ముకోకండి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, పరిశీలన 45 రోజుల దాకా సాగవచ్చు. జనవరి, ఫిబ్రవరిలోనే పెట్టేయండి. అంతకన్నా ముందు మీవారు విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కోసం దరఖాస్తు చేయాలి. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో అన్నిటికన్నా ఆలస్యమయ్యే కాగితం అదే, అది లేకుండా మిగతా ఫైలు కదలదు. వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు ఉచితం. అంటే మీ ఇంటికి 405 యూరోలు, పైన వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) వాళ్ళ సేవా రుసుము. వేలిముద్రలు 12 ఏళ్ళు నిండినవాళ్ళకే. పాస్‌పోర్టు గత పదేళ్ళలో ఇచ్చినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలల గడువుండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. పిల్లల దరఖాస్తుల మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలు, జనన ధ్రువీకరణ పత్రాలు కావాలి.

మన తెలుగువాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా ఆగిపోయేది పేర్ల దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరం ఇనీషియల్, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, సర్వీసు రికార్డులో ఇంకో రకంగా. విమాన టికెట్టు, ఇన్సూరెన్సు, హోటల్ బుకింగ్ అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరుసలో ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంటులో పేరు తేడాగా ఉంటే ముందే సరిచేయించండి. కుదరకపోతే రెండు పేర్లూ ఒకరివేనని బ్యాంకు నుంచి ఒక లేఖ తీసుకుని జతచేయండి. అత్తయ్య, మామయ్యల ఖర్చు మీవారే పెట్టుకుంటున్నట్లయితే ఆ మాట కవరింగ్ లెటర్‌లో స్పష్టంగా రాయండి. మామయ్యకు పింఛను వస్తుంటే ఆ స్టేట్‌మెంటు కూడా పెట్టండి. వీసా వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న బుకింగులే చేయండి. డబ్బు వెనక్కి రాని విమాన టికెట్లు ముందే కొనకండి.

ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు, షెంగెన్ దేశాలన్నిటికీ (ఒకే వీసా మీద తిరగగల యూరప్ దేశాలు) వర్తించాలి. వీసాకు ఇదొక్కటే చాలు. మామయ్యకు మాత్రం చాలదు. పాత జబ్బుల వల్ల వచ్చే ఇబ్బందికి పాలసీ ఎంతవరకు చెల్లిస్తుందో ఆ షరతు చదవండి. చౌక పాలసీల్లో బీపీ ఉన్నవాళ్ళకు గుండెనొప్పి వస్తే పైసా రాకపోవచ్చు. కొంత ఎక్కువ కట్టినా ఆ షరతు ఉన్నదే తీసుకోండి.

విమానం విషయానికొస్తే, హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా సర్వీసు ఉంది, గల్ఫ్ మీదుగా మ్యూనిక్‌కే చేర్చేవీ ఉన్నాయి. తేడా ఇది: ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. ఇప్పుడు యూరప్‌లో మొదటిసారి అడుగుపెట్టేవాళ్ళ ముఖం ఫోటో సరిహద్దు దగ్గర తీసుకుంటున్నారు, వీసాకు ఇచ్చిన వేలిముద్రలు సరిచూస్తారు (12 ఏళ్ళ లోపు వాళ్ళకు ఫోటో మాత్రమే). ఆరుగురికి క్యూ సాగుతుంది. కనెక్టింగ్ విమానానికి మూడు గంటల వ్యవధి లేకపోతే ఆ టికెట్టు కొనకండి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచే మ్యూనిక్‌కు హైస్పీడ్ రైలు ఉంది, మూడున్నర నుంచి నాలుగు గంటలు. పాపకు టికెట్టే అక్కర్లేదు. బాబుకు ఉచితమే గానీ బుకింగ్‌లో అతన్ని చేర్చాలి, మరిచిపోతే రైల్లో టికెట్టు లేనట్టే. సీట్లు విడిగా డబ్బు కట్టి రిజర్వు చేసుకోవాలి. టికెట్టుంది కదా సీటు ఉంటుందనుకోవడం అక్కడ కుదరదు. మామయ్యకు చక్రాల కుర్చీ కావాలని విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు చెప్పండి. దీనికి రుసుము లేదు. అందులో మొహమాటమేమీ లేదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో నడక చాలా దూరం.

ఇల్లు ఎంచేటప్పుడు ఊరి నడిబొడ్డు కోసం పాకులాడకండి. యు-బాన్ (అక్కడి మెట్రో) స్టేషన్‌కు అయిదు నిమిషాల నడకలో ఉంటే చాలు. ఆరుగురికి రెండు పడకగదుల అపార్ట్‌మెంటు గానీ, వంటగది ఉన్న రెండు పక్కపక్క గదులు గానీ వెతకండి. యజమానిని రెండు మాటలు తప్పక అడగండి. మొదటిది, లిఫ్ట్ ఉందా? పాతకాలపు అందమైన భవనాల్లో నాలుగో అంతస్తుకు కూడా మెట్లే ఉంటాయి, ఫోటోల్లో ఆ సంగతి కనబడదు. రెండోది, పొయ్యి ఏ రకం? ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు, అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు కుక్కరు మూడు లీటర్లది తీసుకెళ్ళండి. మామూలు గాజు పలక పొయ్యి అయితే ఏదైనా పనిచేస్తుంది. ఇంకో జాగ్రత్త తాలింపు గురించి. గదుల్లో పొగను పసిగట్టే అలారాలుంటాయి. ఎండుమిర్చి మాడి ఘాటు లేచిందంటే అవి మోగుతాయి. హోటల్ గదుల్లో అయితే ఫైరింజను దాకా పోవచ్చు, ఆ ఖర్చు మీ మీద పడవచ్చు. కిటికీ తెరిచి, పొయ్యి పైనున్న ఫ్యాను వేసి, సన్నని సెగ మీద పోపు పెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. మొదటి రెండు మూడు రోజులు మూడున్నర గంటల తేడా వల్ల పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటారు. వాళ్ళకు రంగుపెన్సిళ్ళు, పుస్తకం లాంటివి చేతికందేలా పెట్టండి. బాత్రూముల్లో నీళ్ళ పైపు ఉండదు, చిన్న మగ్గు వెంట ఉంచుకోండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, రెండు అడాప్టర్లు కొనండి.

సామానులో ఏం పెట్టవచ్చు, ఏం పెట్టకూడదు అన్నది మనవాళ్ళు బాగా పొరబడే చోటు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేకూడదు. కాబట్టి నెయ్యి వద్దు, పాలకోవా వద్దు, పనీర్ వద్దు. పండ్లు, కూరగాయలు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అది లేకుండా బంగినపల్లి మామిడిపండ్ల పెట్టె తీసుకెళ్తే విమానాశ్రయంలో చెత్తబుట్టకే. పచ్చి కరివేపాకుదీ అదే గతి. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దురియన్‌లకు మాత్రం మినహాయింపు ఉంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి, కందిపొడి, అటుకులు, మురుకులు నిశ్చింతగా తీసుకెళ్ళండి. ఆవకాయ సీసా మూతకు ప్లాస్టిక్ కాగితం బిగించి, రెండు కవర్లలో చుట్టి, చెక్-ఇన్ సామానులోనే పెట్టండి. చేతి సంచిలో పెడితే నూనె ఉన్న పచ్చడిని ద్రవం కింద లెక్కగట్టి ఆపేస్తారు.

బియ్యం, పప్పులు మోసుకెళ్ళడం దండగ. మ్యూనిక్ ప్రధాన స్టేషన్‌కు దక్షిణం వైపు గోయ్‌తెస్ట్రాసె, లాండ్‌వేర్‌స్ట్రాసె వీధుల చుట్టుపక్కల టర్కీ, ఆసియా దుకాణాలు ఉంటాయి. కూరగాయలు, కొత్తిమీర, పచ్చిమిర్చి, పప్పులు దొరుకుతాయి. మామూలు సూపర్‌మార్కెట్‌లో ఎర్ర కందిపప్పు లాంటి మైసూరుపప్పు, ఉప్మాకు పనికొచ్చే గోధుమరవ్వ (అక్కడ 'గ్రీస్' అంటారు), 3.5 శాతం వెన్న ఉన్న పాలు, పెరుగు సులభంగా దొరుకుతాయి. కుళాయి నీళ్ళు తాగవచ్చు, సీసాల మీద డబ్బు పోయకండి. కొనాల్సి వస్తే 'ష్టిల్' అని రాసి ఉన్నదే తీసుకోండి, లేకపోతే పాపకు గ్యాసు నీళ్ళు అంటగట్టినట్టవుతుంది. ప్లాస్టిక్ సీసా ధర మీద 25 సెంట్లు డిపాజిట్ వేస్తారు. ఖాళీ సీసాను నలపకుండా సూపర్‌మార్కెట్‌లో ఉండే యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని బిల్లులో తగ్గించుకోవచ్చు. ఈ పని బాబుకు అప్పగించండి, ఇష్టంగా చేస్తాడు.

బయట తినేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. అక్కడ 'ఫెగెటారిష్' (శాకాహారం) అన్నా అందులో గుడ్డు ఉండవచ్చు. గుడ్డు కూడా వద్దనుకునే మీకు పనికొచ్చే మాట 'ఫెగాన్'. అందులో గుడ్డు, పాలు, మాంసం ఏవీ ఉండవు. జున్నుతో చేసే నూడుల్స్ లాంటి స్పెట్స్‌లె శాకాహారమని చెబుతారు గానీ దాని పిండిలో గుడ్డు కలుపుతారు. కూరగాయల సూపులో మాంసం ఉడికించిన నీళ్ళు పోసి ఉండవచ్చు, సలాడ్ మీద సన్నని పంది మాంసం ముక్కలు చల్లవచ్చు. పిల్లలు ఎగబడే జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉంటుంది. 'ఓనె ఫ్లైష్, ఓనె ఫిష్, ఓనె ఐ' అని అడగండి: మాంసం, చేప, గుడ్డు లేకుండా అని అర్థం. బేకరీలో ఉప్పు చల్లిన బ్రేజె రొట్టె చౌక, కడుపు నిండుతుంది. కొన్ని చోట్ల అందులో పంది కొవ్వు వాడతారు కాబట్టి 'ఓనె ష్మాల్జ్' అని ఒక్క మాట అడగండి.

ఇక్కడ మీకు అచ్చంగా కలిసొచ్చే ఆచారం ఒకటి ఉంది. బవేరియా బీరుతోటల్లో (చెట్ల కింద బల్లలు వేసి బీరు అమ్మే చోట్లు) మన తిండి మనం తెచ్చుకుని తినవచ్చు. 1812లో రాజు ఒకటో మాక్సిమిలియన్ ఆదేశం నాటి నుంచి వస్తున్న హక్కు అది. ఇంగ్లిష్ గార్డెన్ అనే పెద్ద పార్కులో చైనా గోపురం పక్కనున్న తోటలో దాదాపు 7,000 మంది కూర్చోవచ్చు. గుడ్డ పరచని, సెల్ఫ్ సర్వీసు బల్లల దగ్గర కూర్చోవాలి, గుడ్డ పరిచినవి హోటల్ వాళ్ళవి. తాగడానికి మాత్రం అక్కడే కొనాలి. పిల్లలకు ఆపిల్ రసంలో సోడా కలిపిన 'అప్ఫెల్‌షోర్లె' ఉంటుంది. మీ పులిహోర డబ్బా విప్పి చెస్ట్‌నట్ చెట్ల నీడన భోంచేయండి. ఎవరూ వింతగా చూడరు, పక్క బల్ల మీద జర్మన్ కుటుంబం కూడా తమ బుట్ట విప్పుకుని ఉంటుంది. గ్లాసుకు డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బు వస్తుంది.

ఊళ్ళో తిరగడానికి గ్రూపు డే టికెట్ తీసుకోండి. అయిదుగురు పెద్దల దాకా చెల్లుతుంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు ఇద్దరు కలిస్తే ఒక పెద్ద కింద లెక్క, ఆరేళ్ళ లోపు ఉచితం. మీది నాలుగున్నర లెక్క, ఒక్క టికెట్టులో అందరూ సరిపోతారు. ఊరి మధ్య జోన్‌కు ఇరవై యూరోలకు కాస్త అటూ ఇటూ. మర్నాడు ఉదయం 6 దాకా పనిచేస్తుంది. విమానాశ్రయం అయిదో జోన్‌లో ఉంది కాబట్టి దిగిన రోజున, వెళ్ళే రోజున ఆ జోన్ దాకా చెల్లే టికెట్టే కొనాలి. కాగితం టికెట్టు అయితే ప్లాట్‌ఫారం మీదకు వెళ్ళేముందు చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్టు టికెట్టు లేనట్టే, జరిమానా 60 యూరోలు. నెల పాసు (డాయిచ్‌లాండ్ టికెట్) గొప్పదని చెప్పేవాళ్ళుంటారు. 2026 నుంచి అది నెలకు 63 యూరోలు, ఆరేళ్ళు దాటిన పిల్లలకూ అంతే, పైగా క్యాలెండరు నెలకే పనిచేస్తుంది. మే 30న దిగితే రెండు నెలల డబ్బు కట్టాలి. మీకది దండగ.

రోజుకు ఒకే పెద్ద పని పెట్టుకోండి, మధ్యాహ్నం మూడింటికల్లా ఇల్లు చేరండి. మొదటి రోజు ఊరి నడిబొడ్డున ఉన్న మరియన్‌ప్లాట్జ్ కూడలి చాలు. కొత్త టౌన్‌హాలు గోపురంలో 11, 12 గంటలకు, మార్చి నుంచి అక్టోబరు దాకా సాయంత్రం 5కు కూడా గంటలు మోగుతూ బొమ్మలు తిరుగుతాయి. 43 గంటలు, 32 బొమ్మలు. దాదాపు పావుగంట సాగుతుంది, మామయ్యకు ముందే కూర్చునే చోటు చూడండి. పైనుంచి ఊరు చూడాలంటే సెయింట్ పీటర్స్ గోపురానికి 300 పైచిలుకు మెట్లు, లిఫ్ట్ లేదు. టౌన్‌హాలు గోపురానికి లిఫ్ట్ ఉంది, అందరూ అదే ఎక్కండి.

డాయిచెస్ మ్యూజియానికి ఒక రోజంతా ఇవ్వండి. 1903లో ఆస్కార్ ఫాన్ మిల్లర్ మొదలుపెట్టిన శాస్త్ర సాంకేతిక ప్రదర్శనశాల అది. విమానాలు, వంతెనలు, రోబోలు, చేత్తో తిప్పి చూసే యంత్రాలు, కిందంతస్తులో 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు ప్రత్యేక ఆటల విభాగం. ఒక సగం 2022లో కొత్తగా తెరిచారు, రెండో సగం 2028 దాకా మరమ్మతుల్లో ఉంటుంది. ఉన్న సగమే మీకు ఎక్కువ. దారి కూడా మారింది: ఇప్పుడు ప్రవేశం కొర్నేలియస్ వంతెన వైపు, దగ్గరి యు-బాన్ స్టేషన్ ఫ్రౌన్‌హోఫర్‌స్ట్రాసె. పాత దారి పట్టి వెళ్తే చుట్టూ నడవాలి. వాన పడే రోజు కోసం దీన్ని అట్టేపెట్టుకోండి. జూన్‌లో అక్కడ సాయంత్రం వానలు, ఉరుములు మామూలే.

హెల్లాబ్రున్ జంతుప్రదర్శనశాలకు యు3 రైల్లో థాల్‌కిర్షెన్ స్టేషన్. బీఎండబ్ల్యూ వాళ్ళ 'వెల్ట్' భవనం చూడటం ఉచితం, పక్కన 1972 ఒలింపిక్స్ పార్కు, బాబుకు ఒక పూట. నింఫెన్‌బుర్గ్ కోట తోటకు టికెట్టు లేదు, 17 నంబరు ట్రాము దగ్గర్లో దించుతుంది. బాటలు చదునుగా ఉంటాయి, అత్తయ్య, మామయ్యలకు సాయంత్రపు నడకకు ఇంతకన్నా హాయైన చోటు లేదు. పాపకు తేలికపాటి మడత బండి తీసుకెళ్ళండి. ఐదేళ్ళ పిల్లకెందుకు అనిపిస్తుంది గానీ రోజుకు ఏడెనిమిది వేల అడుగులు పడ్డాక ఎత్తుకునేది మీరే. ఇంకొకటి, కాలిబాట పక్కనే వేరే రంగు రాళ్ళతోనో గీతతోనో సైకిల్ దారి ఉంటుంది. సైకిళ్ళు బాగా వేగంగా వస్తాయి, ఆగుతాయని అనుకోకండి. మొదటి రోజే పిల్లలిద్దరికీ ఆ గీత చూపించి చెప్పండి. టాక్సీ పిలిస్తే పెద్ద బండి కావాలని, చిన్నపిల్లల సీట్లు కావాలని ముందే చెప్పాలి. 12 ఏళ్ళ లోపు, 150 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్న పిల్లలకు ఆ సీటు తప్పనిసరి.

పక్కనే ఉన్న డాఖావ్‌లో 1933లో నాజీలు తెరిచిన నిర్బంధ శిబిరం స్మారకంగా ఉంది, ప్రవేశం ఉచితం. పెద్దవాళ్ళు చూడాల్సిన చోటే. పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళకండి, బాబుకు 11 ఏళ్ళు చాలవు. మీరూ మీవారూ ఒక పూట వెళ్ళి రండి, పిల్లలు నానమ్మ తాతయ్యల దగ్గర ఉంటారు.

ఊరి బయటి ప్రయాణాలకు బయర్న్ టికెట్ ఉంది. అయిదుగురి దాకా ఒకటే టికెట్టు, బవేరియా అంతటా ప్రాంతీయ రైళ్ళలో, మ్యూనిక్ మెట్రో, ట్రాముల్లో చెల్లుతుంది. బాబు ఉచితం కాబట్టి నలుగురికి కొంటే చాలు. టికెట్టు మీద పేర్లు రాయాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 తర్వాతే పనిచేస్తుంది, శని ఆదివారాల్లో ఆ నియమం లేదు. ఐసీఈ, ఐసీ వంటి వేగం రైళ్ళలో చెల్లదు. సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా దీని మీదే వెళ్ళవచ్చు, రెండు గంటల లోపే. వీసా ఒక్కటే అయినా అసలు పాస్‌పోర్టులు ఆరూ వెంట ఉంచుకోండి. తిరిగి వచ్చేటప్పుడు జర్మన్ పోలీసులు రైల్లో తనిఖీ చేస్తారు, ఫోన్‌లోని ఫోటో చూపిస్తే ఒప్పుకోరు.

నోయ్‌ష్వాన్‌స్టయిన్ కోట అందరి నోటా ఉండే పేరు. 1869లో రాజు రెండో లుడ్విగ్ కట్టించడం మొదలుపెట్టాడు, 2025లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మామయ్యను అక్కడికి తీసుకెళ్ళాలా అంటే, వద్దంటాం. ఫ్యూసెన్ దాకా రెండు గంటల రైలు, అక్కణ్ణుంచి బస్సు, తర్వాత అరగంటకు పైగా ఎక్కుడు. గుర్రపు బండి తీసుకున్నా చివర కొంత ఎక్కాలి, లోపల వందల మెట్లు. చూపించేది అరగంట. టికెట్టు మీద సమయం ఉంటుంది, అది దాటితే పోయినట్టే. మీరు ముగ్గురు, అంటే మీరూ మీవారూ బాబూ వెళ్ళాలనుకుంటే, వారాల ముందే ఆన్‌లైన్‌లో కొనండి. మామూలు రోజున 9 తర్వాతి రైలు పట్టుకుంటారు కాబట్టి మధ్యాహ్నం 2 కన్నా ముందు సమయం తీసుకోకండి. పొద్దుటి సమయం తీసుకుని, రైలు ఆలస్యమై, కోట బయట నుంచే తిరిగొచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. ఆరుగురూ కలిసి చూడాలంటే అదే రాజు కట్టించిన హెరెన్‌కీమ్‌జే మేలు. ప్రీన్ దాకా గంట రైలు, తర్వాత సరస్సు మీద పడవ, ద్వీపంలో చదునైన దారి, గుర్రపు బండి కూడా ఉంటుంది. పెద్దవాళ్ళకు పడవ ప్రయాణం, పిల్లలకు బాతులు, కోటలో అద్దాల మందిరం. మీ పది రోజుల్లో అందరికీ నచ్చే రోజు ఇదే అవుతుంది.

ఆదివారం దుకాణాలన్నీ మూస్తారు. మిగతా రోజుల్లో కూడా రాత్రి 8కే మూత. శనివారం సాయంత్రానికి పాలు, పెరుగు, కూరలు తెచ్చి పెట్టుకోండి. కార్డులు చాలా చోట్ల నడుస్తాయి గానీ చిన్న బేకరీలు, మరుగుదొడ్లు నాణేలే అడుగుతాయి. 50 సెంట్లు, ఒక యూరో నాణేలు అత్తయ్య చేతి సంచిలో ఎప్పుడూ ఉండాలి.

మామయ్య మాత్రలు రెండు భాగాలు చేసి, సగం చేతి సామానులో పెట్టండి. అట్టలు తీయకుండా, డాక్టరు చీటీలో మందుల అసలు పేర్లు ఇంగ్లిషులో రాయించుకుని తీసుకెళ్ళండి, బ్రాండు పేర్లు అక్కడ వేరు. పారాసిటమాల్ కూడా మందుల దుకాణంలో తప్ప ఇంకెక్కడా దొరకదు, యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు. ప్రాణాపాయమైతే 112, రాత్రిపూట జ్వరం లాంటివాటికి డాక్టరు కావాలంటే 116117. ఏ బిల్లు కట్టినా కాగితం దాచండి, ఇన్సూరెన్సు వాళ్ళకు ఆసుపత్రిలో చేరిన వెంటనే ఫోన్ చేయాలి.

తిరుగు ప్రయాణంలో పొరపాటు జరిగేది లోకల్ రైలు దగ్గర. విమానాశ్రయానికి ఎస్1, ఎస్8 రెండూ వెళ్తాయి, దాదాపు 40 నిమిషాలు. కానీ ఎస్1 రైలు నోయ్‌ఫార్న్‌లో రెండుగా విడిపోతుంది. వెనక సగమే విమానాశ్రయానికి, ముందు సగం ఫ్రయిసింగ్ అనే వేరే ఊరికి. సామానుతో హడావిడిగా ముందు పెట్టె ఎక్కితే వేరే ఊళ్ళో తేలతారు. మీరు ఎస్8 ఎక్కండి, అది విడిపోదు. శని, ఆదివారాల్లో ఊరి మధ్య సొరంగంలో పనుల వల్ల రైళ్ళు ఆపుతుంటారు కాబట్టి ముందురోజు రాత్రే యాప్‌లో చూసుకోండి. ఆగిపోతే ప్రధాన స్టేషన్ దగ్గర విమానాశ్రయం బస్సు దొరుకుతుంది, 45 నిమిషాలు. 50 యూరోలు దాటిన బిల్లు మీద పన్ను వెనక్కి కావాలంటే, కొన్నప్పుడే దుకాణంలో ఫారం తీసుకుని, సూట్‌కేసు చెక్-ఇన్‌లో ఇచ్చేయకముందే ఆ సామాను చూపించి కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. దానికో గంట అదనంగా పెట్టుకుని ఇంట్లో బయలుదేరండి.